పులుసులో నానబెట్టిన పళ్ళు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాత వచ్చిన వర్షాకాలంలో నన్ను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక దంత వైద్య విభాగపు ల్యాబుకు ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అనగానే గొప్ప హోదా అనుకోకండి. ఆ ల్యాబులో నేను తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి నాకు నేనే ఇన్‌చార్జిని. రికార్డుల్లో మా పోస్టు పేరు డెంటల్ మెకానిక్. డాక్టర్లు నోటి లోపల పని చేస్తే మేము నోటి బయట పని చేస్తాం. కట్టుడు పళ్ళు, పంటి తొడుగులు, దవడల ప్లాస్టర్ అచ్చులు మా చేతుల్లోంచి వస్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పేట బ్రూక్షాబాద్‌లో ఒకాయన మెకానిక్ అన్నమాట విని పాడైపోయిన స్కూటర్ మా ఇంటికి తోసుకొచ్చాడు. అప్పటినుంచి ఆ వీధికి నేను మెకానిక్ దీదీని. రిటైరయ్యాక కూడా ఆ పేరు నన్ను వదల్లేదు.

ల్యాబుకు ఇంకో పని ఉండేది. ఫిల్లింగులకు వాడే పదార్థాల మీద అనుమానం వస్తే పరీక్ష చేసి చెప్పడం. నేను రాస్తున్నది టెంపరరీ ఫిల్లింగ్ గురించి కాబట్టి అదేమిటో ముందు చెప్పాలి. పుచ్చిన పన్నును శుభ్రం చేశాక ఆ గుంటను తెరిచి ఉంచకూడదు. అసలు ఫిల్లింగో తొడుగో సిద్ధమయ్యేదాకా దాన్ని తాత్కాలికంగా మూయాలి. అందుకు మేము వాడేది ఒక తెల్లటి పొడి, లవంగ నూనె వాసన వేసే ఒక ద్రవం. రెండిటినీ గాజు పలక మీద ముద్దగా కలిపి పంట్లో కూరుతారు. పొడి తక్కువైతే ముద్ద పలచబడి, అంచుల్లోంచి ఉమ్మి లోపలికి దిగుతుంది. సరిగ్గా కలిపితే కొన్ని వారాలు నిలుస్తుంది. మా దీవుల్లో మాత్రం అది ఎన్నాళ్ళు నిలవాలన్నది ఓడ చెబుతుంది. తొడుగు చేసేది నేను పోర్ట్ బ్లెయిర్‌లో, పెట్టించుకునేది ఎక్కడో దక్షిణాన దీవిలో ఉన్న మనిషి. వాతావరణం బాగోలేదంటే ఓడ కదలదు, ఓడ కదలకపోతే తొడుగూ కదలదు.

దక్షిణాన అలాంటి ఒక దీవిలో మా విభాగానికి చిన్న దంత వైద్యశాల ఉండేది. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడి డాక్టరు పేరు హరిత, గుంటూరు వైపు అమ్మాయి. కాంట్రాక్టు మీద వచ్చింది. ఆర్నెల్లకోసారి ఆ కాంట్రాక్టు పొడిగించాలి. మా విభాగంలో అప్పట్లో టెంపరరీ అన్నవి రెండే, ఆ తెల్లటి ముద్ద, ఆ డాక్టరు.

హరితకు ముందు అక్కడ పనిచేసిన డాక్టర్లు అందరితోనూ హిందీలోనే మాట్లాడేవారు. ఆ దీవిలో కోస్తా ఆంధ్ర నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. హరిత వాళ్ళతో చక్కటి తెలుగులో మాట్లాడింది. దాంతో ఆమెకు ఎక్కడలేని పేరొచ్చింది. పంటి నొప్పి లేని ముసలివాళ్ళు కూడా ఆ తెలుగు వినడానికి ఆస్పత్రికి వెళ్ళేవారని మా చర్చిలో చెప్పుకునేవాళ్ళు. పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడల్లా ఆమె డాక్టర్ల గదిలో కాకుండా నా ల్యాబులో కూర్చునేది. మైనం ఎలా కరిగిస్తారు, అచ్చు ఎందుకు పగులుతుంది అని అడిగేది. డాక్టర్లలో అలా అడిగినవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు. ఆమెంటే నాకు ఇష్టం.

ఆ వర్షాకాలంలో ఓడలు ఆగి తొడుగులు ఆలస్యమయ్యేసరికి ఆమె పెట్టిన టెంపరరీ ఫిల్లింగులు వరసగా విరగడం మొదలైంది. విరిగిన ఫిల్లింగు మళ్ళీ పెట్టడం పెద్ద పనేం కాదు. కాని ఒకావిడది ఇంకో చిన్న దీవి, ఓడ లేక ఇంట్లోనే ఉండిపోయింది, గుంటలో పుచ్చు లోతుకు దిగి చివరికి పన్ను తీసేయాల్సి వచ్చింది. ఆవిడ కొడుకు పై ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాడు. మా సూపరింటెండెంటు కమిటీ వేశారు. అందులో ఆయన, స్టోర్స్ ఆఫీసరు, నేను. కమిటీ తేల్చాల్సింది ఒక్కటే. తప్పు పొడిదా, చేతిదా?

పొడిది అయితే స్టోర్స్ ఆఫీసరు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆయన పర్మనెంటు, చెప్పుకుంటే సరిపోతుంది. చేతిది అయితే హరిత కాంట్రాక్టు అక్కడితో ఆఖరు, పైగా పనితనం బాగోలేదన్న రిమార్కుతో. ఆ రిమార్కు పట్టుకుని వెళ్తే ఇంకే ప్రభుత్వ ఆస్పత్రీ తీసుకోదు. ఆమె ఫోన్ చేసి ఒక్క మాటే అంది. "మార్త గారూ, సముద్రపు గాలికి పొడి తడి పట్టిందేమో కాస్త చూడండి. నా చెయ్యి మీద నాకు నమ్మకం ఉండేది. ఇప్పుడు గాజు పలక ముందు కూర్చుంటే నాకే అనుమానంగా ఉంది."

ఆ దీవి నుంచి పొడి సీసా తెప్పించాను. పరీక్ష పద్ధతి ఇలా ఉంటుంది. వైద్యశాలలో తీసేసిన పళ్ళను శుభ్రం చేసి నీళ్ళలో నిల్వ ఉంచుతాం. వాటిలో గుంట తొలిచి, ఫిల్లింగు పెట్టి, దాని అంచు చుట్టూ సన్నటి గీత మేర వదిలి మిగతా పన్నంతటికీ నెయిల్ పాలిష్ పూస్తాం. ఇంకెక్కడినుంచీ తడి లోపలికి పోకూడదు కాబట్టి ఆ పూత. నెయిల్ పాలిష్ స్టోర్సులో ఉండదు, బతు బస్తీలో ఫ్యాన్సీ షాపులో కొన్నాను. ప్రభుత్వ ల్యాబుకు ఎర్ర రంగు ఎందుకు, రంగులేనిది చాలదా అని స్టోర్స్ ఆఫీసరు వివరణ అడిగారు. షాపులో అదే ఉందని రాసిచ్చాను. పూత ఆరాక ఆ పళ్ళను చల్లటి నీళ్ళలోంచి వేడి నీళ్ళలోకి, వేడి నీళ్ళలోంచి చల్లటి నీళ్ళలోకి మార్చి మార్చి ముంచుతాం. మనిషి మంచినీళ్ళూ టీ తాగినట్టన్నమాట. ఆ తర్వాత నీలం రంగులో నానబెట్టి, పన్నును నిలువుగా కోసి, అంచుల్లోంచి నీలం ఎంత లోపలికి దిగిందో భూతద్దం కింద చూస్తాం.

నీలం దిగలేదు. కొత్త సీసాలోని పొడి ఎలా ఉందో, దీవి నుంచి వచ్చిన పొడీ అలాగే ఉంది. స్టోర్స్ ఆఫీసరు ఆ సాయంత్రం ల్యాబుకొచ్చి నాకు సమోసా తెచ్చిచ్చారు. అంతకు ముందు ఆయన ఎప్పుడూ ఏమీ తెచ్చిచ్చిన మనిషి కాదు. ఆ సమోసా తింటుంటే నాకు సంగతి పూర్తిగా తలకెక్కింది. పొడి మంచిదైతే చెయ్యి చెడ్డది. నేను నా పని ఎంత శ్రద్ధగా చేస్తే హరిత ఉద్యోగం ఊడడానికి అంత దగ్గరపడుతోంది. నాకు భయం వేసింది. అబద్ధం రాయలేను, రాసిన నిజం ఆమె మెడకు చుట్టుకుంటోంది.

ఇంతలో సూపరింటెండెంటు గారు ఒక విషయం కనిపెట్టారు. ఆయన ఉత్తరాది మనిషి, మంచి సర్జను, తెలుగు ముక్క రాదు. విరిగిన ఫిల్లింగులన్నీ తెలుగువాళ్ళవే అన్నారు. ఆ దీవిలోనే ఉన్న బెంగాలీలవీ, రాంచీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళవీ చెక్కుచెదరలేదు. చెయ్యి చెడ్డదైతే అందరివీ విరగాలి కదా సార్ అన్నాను. మీవాళ్ళు ఇమ్లీ, అంటే చింతపండు, ఎక్కువ తింటారు అన్నారు. పులుపుకు పొడి కరిగిపోతోందని ఆయన ఊహ. పరీక్ష చేసి చూడమన్నారు.

చేశాను. ఇంట్లో చేపలు లేకుండా చేపల పులుసు కాచి, చల్లార్చి, వడగట్టి, సీసాల్లో పోసి ల్యాబుకు పట్టుకెళ్ళాను. అందులో పళ్ళు నానబెట్టాను. మా ల్యాబు మీదుగా వెళ్ళేవాళ్ళు అన్నం వేళయిందా అని అడిగేవారు. పులుసులో ఫిల్లింగు కరగలేదు. గోంగూర పెట్టమన్నారు, పెట్టాను. ఆవకాయ ఊట పెట్టమన్నారు, అదీ పెట్టాను. పన్ను కాస్త ఎర్రబడింది తప్ప ఫిల్లింగుకు ఏమీ కాలేదు. తెలుగువారి భోజనం నిర్దోషి అని ఇంగ్లీషులో రిపోర్టు రాశాను. సూపరింటెండెంటు గారు అది చదివి, అయితే ఆ డాక్టరు తనవాళ్ళే కదా అని తెలుగు పేషెంట్ల దగ్గర అశ్రద్ధ చేస్తోందేమో అన్నారు. కాంట్రాక్టు గడువు దగ్గరికొచ్చింది.

ఆ రోజుల్లోనే దానియేలు చిన్నాన్న ఓడ దిగి నా ల్యాబుకు వచ్చాడు. రక్త సంబంధం లేదు, మా చర్చి మనిషి. దీవుల మధ్య తిరిగే ఓడ మీద సారంగుగా, అంటే డెక్కు కూలీల పెద్దగా చేసి రిటైరై కొడుకు దగ్గర ఆ దీవిలోనే ఉంటున్నాడు. పంటికి తొడుగు కొలత ఇవ్వడానికి వచ్చాడు. వస్తూ వస్తూ హరిత పెట్టిన ఫిల్లింగు విరగ్గొట్టుకుని వచ్చాడు. మెకానిక్ నోట్లోకి చూడకూడదు, అది డాక్టరు పని. కాని చిన్నాన్న నోరు తెరిచేశాక కళ్ళు మూసుకోలేను కదా.

చూసి ఆశ్చర్యపోయాను. ముద్ద పలచగా కలిపినా, పొడి చెడిపోయినా ముందు అంచులు వదలాలి. ఇక్కడ అంచులు గట్టిగా పట్టుకునే ఉన్నాయి. మధ్యలో మాత్రం అరిగి గుంట పడి, అక్కణ్ణుంచి అడ్డంగా పగిలింది.

"ఇదేటి చిన్నాన్నా, ఇలగైపోనాది? ఏటి సేసినావు దీన్ని?" అన్నాను.

"నానేటి సేసినానమ్మా? డాక్టరమ్మ ఎలగ సెప్పిందో బిల్కుల్ అలగే సేసినాను. పక్కా పంటితో నమలమంది. ఆ రోజు నుంచి అన్నం, సేప, సుపారీ, అన్నీ ఇటే. ఆ బాజూకి పూరా ఛుట్టీ ఇచ్చీసినాను."

"పక్కా పన్నేటి?"

"ఇదే గదా! పుచ్చిపోనాదాన్ని మూసి పక్కా సేసింది గదా. హిందీ డాక్టర్లు సెప్తే ఇన్నట్టు ఇని ఒగ్గీసీవోళ్ళం. ఈ పిల్ల ఇంత మంచి తెలుగులో సెప్పింది. ఆ మాట తీసీగలనా?"

వెంటనే హరితకు ఫోన్ చేసి, ఫిల్లింగు పెట్టాక పేషెంటుకు నువ్వు చెప్పే మాట ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. ఆమె చెప్పింది. "ఫిల్లింగ్ పెట్టానండీ. ఇక పక్క పంటితో నమలండి."

మెయిన్‌లాండ్‌లో పుట్టిన తెలుగువాళ్ళకు ఇందులో తిరకాసేమీ కనబడదు. పక్క పన్ను అంటే దీన్ని వదిలేసి వేరే పన్ను. మా దీవుల్లో హిందీ కలిసిన తెలుగులో ఆ అర్థం ఎప్పుడో పోయింది. మేము పక్కను బాజూ అంటాం, లేదంటే సైడు అంటాం. పక్క అంటే రాత్రి వేసుకునే పక్క ఒక్కటే మిగిలింది. ఇంకేదైనా పక్క వినబడిందంటే అది హిందీ పక్కా. పక్కా ఇల్లు, పక్కా నౌకరీ, అలాగే పక్కా పన్ను. కచ్చాగా ఉన్న పన్నును డాక్టరమ్మ పక్కా చేసి, ఇక దీనితోనే నమలమంది అని మావాళ్ళు అర్థం చేసుకున్నారు. చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించారు. బెంగాలీలతో, రాంచీ వాళ్ళతో హరిత హిందీలో చెప్పింది కాబట్టి వాళ్ళ ఫిల్లింగులు నిలిచాయి.

కారణం దొరికింది. కాని కమిటీ ముందు చిన్నాన్న మాట సాక్ష్యం కాదు, ల్యాబు చెప్పాలి. అంతవరకూ మేము ఫిల్లింగు మీద బరువు వేసి చూడనే లేదు. టెంపరరీ ఫిల్లింగుతో ఎవరూ నమలరన్నది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఆ పరీక్ష ఎవరూ అడగలేదు. ఇప్పుడు చేశాను. దవడ అచ్చులు బిగించే మడత చట్రానికి ఒక వైపు ఫిల్లింగు పెట్టిన పన్ను, ఎదురుగా గట్టి పన్ను బిగించి, పైన బరువు కట్టి, చేత్తో ఆడిస్తూ పోయాను. మా ల్యాబులో నమిలే యంత్రం లేదు, నేనే ఉన్నాను. అలా ఆడించిన ఫిల్లింగులన్నీ మధ్యలో అరిగి, గుంట పడి, అడ్డంగా పగిలాయి. అంచులు నిలిచాయి. చిన్నాన్న నోట్లో ఎలా ఉందో సరిగ్గా అలాగే.

కమిటీ కూర్చుంది. హరితను కూడా ఓడ మీద పిలిపించారు. ఎండిపోయిన ముఖంతో వచ్చింది. నేను పళ్ళు చూపించి, మాట సంగతి చెప్పాను. సూపరింటెండెంటు గారు శ్రద్ధగా విని, "పక్కా మత్లబ్ పక్కా. ఇస్ మే కన్‌ఫ్యూజన్ క్యా హై?" అన్నారు, పక్కా అంటే పక్కాయే, ఇందులో తికమకేముంది అని. అదే సార్ కన్‌ఫ్యూజన్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

అప్పుడు నేను ఒక పరీక్ష అడిగాను. మా విభాగంలో దీవుల్లో పుట్టిన తెలుగువాళ్ళను, ఆయమ్మను, డ్రైవరును, ఫార్మసిస్టును లోపలికి పిలిపించాను. మీ కుడివైపు పంటికి ఇప్పుడే ఫిల్లింగు పెట్టారనుకోండి, డాక్టరు గారు చెప్పేది విని ఎటు నములుతారో ఆ బుగ్గ మీద చెయ్యి పెట్టండి అన్నాను. హరిత తన వాక్యం చెప్పింది. ముగ్గురూ కుడి బుగ్గ మీదే చెయ్యి పెట్టారు. ఆయమ్మ అయితే ఇంకా నమ్మకంగా గట్టిగా నొక్కి పెట్టింది. స్టోర్స్ ఆఫీసరు విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఆయనను ఎవరూ అడగలేదు గాని, ఆయన చెయ్యి దానంతటదే ఎడమ బుగ్గ మీదికి వెళ్ళింది. సూపరింటెండెంటు గారు ఆ నలుగురినీ మార్చి మార్చి చూసి, కలం తీశారు.

తప్పు పొడిది కాదు, చేతిది కాదు. అయితే ఎవరిదని రాయాలన్న చర్చ వచ్చింది. ఎవరిదీ కాదని రాయడానికి వీల్లేదట, ఫిర్యాదు ఉంది కాబట్టి కారణం ఉండాలట. చివరికి కారణం భాష అని రాశారు. కారణం రాశాక నివారణ కూడా రాయాలి. డాక్టరు హరిత తెలుగులో శిక్షణ పొందాలి, శిక్షణ పూర్తయిందన్న సర్టిఫికెట్ మీద కాంట్రాక్టు పొడిగిస్తారు అని ఉత్తర్వు వేశారు. శిక్షణ ఇచ్చే బాధ్యత నాది. హరిత పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తెలుగులో బహుమతులు తెచ్చుకున్న అమ్మాయి. నేను హిందీ మీడియం. చదవడం రాయడం చర్చిలో తెలుగు బైబిలు మీద నేర్చుకున్నదాన్ని.

శిక్షణ నా ల్యాబులోనే, ప్లాస్టర్ ఆరేలోపు జరిగింది. బాజూ అనమన్నాను, కచ్చా అనమన్నాను, అండీలు తగ్గించమన్నాను. బుద్ధిగా అన్నీ నేర్చుకుంది. ఊళ్ళోనే ఆగి ఉన్న దానియేలు చిన్నాన్న తొడుగు ఇంకా తయారు కాలేదు కాబట్టి మళ్ళీ టెంపరరీ ఫిల్లింగు పెట్టాల్సి వచ్చింది. అదే పరీక్ష అన్నాను. హరిత ముద్ద కలిపింది, పంట్లో కూరింది, ఆరేదాకా ఆగింది. తర్వాత ఆ పన్ను మీద వేలు పెట్టి, "చిన్నాన్నా, ఇది కచ్చా. ఈ బాజూతో అస్సలు నమలకు. ఆ బాజూతో నమలు," అంది.

చిన్నాన్న సరేనని తలూపాడు. నేను బయటిదాకా సాగనంపుతుంటే మెట్ల దగ్గర ఆగి, బెంగగా నా చెవిలో అడిగాడు.

"డాక్టరమ్మ తెలుగు ఇలగైపోనాదేటమ్మా? అంత బాగా మాటాడీది. ఎవులు పాడుసేసినారు?"

ఎవరో నాకు తెలుసు గాని చెప్పలేదు. తొడుగు సిద్ధమయ్యేదాకా ఆ ఫిల్లింగు చెక్కుచెదరకుండా ఉంది. నేను సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. కాంట్రాక్టు పొడిగించారు, రిమార్కు పడలేదు. ఆ ఉత్తర్వు అందిన రోజు హరిత ఫోన్లో ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఆ తర్వాత ఆమె ఆ దీవిలో తనకు వెళ్ళాలనిపించేదాకా పనిచేసింది. ఇంకెవరూ ఆమె చెయ్యిని శంకించలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. ల్యాబు పరీక్ష తనను అడిగినదానికే జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. మేము పొడి గురించి అడిగాం, పులుపు గురించి అడిగాం, అన్నిటికీ నిజమే చెప్పింది. ఆ నిజాలన్నీ కలిసి ఒక మంచి డాక్టరును ఇంటికి పంపబోయాయి. బల్ల మీదికి వచ్చే పంటికి నోరుండదు. నోరున్న మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. డాక్టరు మీకు ఏం చెప్పారు, మీరు ఏం విన్నారు అని ముందు ఆయన్ని అడగాలి.